బ్యాట్‌మాన్ ఒక్కడే, బొమ్మలే వేరు

ఈమధ్య తల్లిదండ్రుల నోట తరచూ వినపడే ఫిర్యాదు ఒకటుంది. "మావాడికి బ్యాట్‌మాన్ అంటే ప్రాణమండీ. టీ షర్టు మీద బ్యాట్‌మాన్, వాటర్ బాటిల్ మీద బ్యాట్‌మాన్. ఇంత ఇష్టపడుతున్నాడు కదా అని మంచి పేరున్న గ్రాఫిక్ నవల తెప్పించాం. నాలుగు పేజీలు తిప్పి పక్కన పడేశాడు." ఆ తర్వాత వచ్చే మాట కూడా మనకు తెలిసిందే. "ఈ కాలం పిల్లలకు చదివే ఓపిక ఎక్కడుంది?"

ఓపిక సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పుస్తకం మీరే ఒకసారి తెరవండి. పేరున్న బ్యాట్‌మాన్ పుస్తకం ఏదని ఎవర్నడిగినా ముందుగా చెప్పేది ఫ్రాంక్ మిల్లర్ 1986లో రాసి గీసిన 'ది డార్క్ నైట్ రిటర్న్స్'. గొప్ప పుస్తకమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ కథలో బ్యాట్‌మాన్‌కి 55 ఏళ్ళు. పదేళ్ళ కిందటే ముసుగు తీసేసి ఇంట్లో కూర్చున్న మనిషి. కొన్ని పేజీలైతే 16 చిన్న చిన్న గళ్ళుగా ముక్కలై ఉంటాయి. చాలా గళ్ళలో టీవీ తెరలు, ఆ తెరల్లో వార్తలు చదివేవాళ్ళ ముఖాలు. గీత మొరటు, ఇంకు దట్టం, హీరో ఒళ్ళు భారీ, మొహం నిండా ముడతలు. కార్టూన్లో చెంగున దూకే బ్యాట్‌మాన్‌ని ఇష్టపడ్డ తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఈయనెవరో ముక్కూ మొహం తెలియని పెద్దాయన. తనకు తెలిసినవాడి కోసం నాలుగు పేజీలు వెతికాడు, కనపడలేదు, మూసేశాడు. పాపం, వాడి తప్పేముంది? అసలు ఆ పుస్తకం పిల్లల కోసం రాసిందీ కాదు.

అందుకే నా సలహా ఒక్కటే. సూపర్‌హీరో పుస్తకం కొనేటప్పుడు హీరో పేరుతో పాటు ఎవరు గీశారో కూడా చూడండి. బ్యాట్‌మాన్ 1939 నుంచి, సూపర్‌మాన్ 1938 నుంచి వస్తున్నారు. ఇన్నేళ్ళలో ఎంతమంది చేతుల్లో పడ్డారో లెక్కలేదు. ఒకరు గీస్తే నవ్వొస్తుంది, ఒకరు గీస్తే భయమేస్తుంది, ఇంకొకరు గీస్తే దేవుడి పటంలో ఉన్నట్టుంటాడు. పిల్లలు "బ్యాట్‌మాన్ ఇష్టం" అన్నప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది ఒక ప్రత్యేకమైన బొమ్మ. ఆ బొమ్మేదో కనుక్కోవడం మన పని.

ఇది మన తరానికి కొంచెం కష్టమే. మనలో చాలామంది చందమామ చదివి పెరిగినవాళ్ళం. అందులో కథను నడిపేవి అక్షరాలు. బొమ్మ పక్కన నిలబడి అందం తెచ్చేది. శంకర్ గీసిన విక్రమార్కుడు, భుజాన శవంతో, చేతిలో కత్తితో, ఇప్పటికీ కళ్ళముందు మెదులుతాడు. వడ్డాది పాపయ్య అట్టల రంగులు ఎవరు మరిచిపోతారు? అయినా ఆ బొమ్మలన్నీ తీసేసినా బేతాళ కథ కథగానే మిగిలేది, రేడియోలో చదివినా రక్తి కట్టేది. గ్రాఫిక్ నవలకు ఆ వీలు లేదు. బొమ్మ తీసేస్తే మిగిలేవి నాలుగు డైలాగులు, రెండు "ధడేల్"లు. ఎవరు ఎక్కడున్నారు, ఎంత దూరంలో ఉన్నారు, ఎవరి మొహం వాడిపోయింది, ఎంతసేపు మౌనంగా ఉన్నారు, అన్నీ బొమ్మలోనే ఉంటాయి.

చందమామ అలవాటుతో మనం గ్రాఫిక్ నవల పట్టుకున్నామంటే బుడగల్లో మాటలు మాత్రం చదువుకుంటూ పోతాం. అరగంటలో పుస్తకం అయిపోతుంది. "ఇంత డబ్బు పెట్టింది ఇందుకా" అనిపిస్తుంది. పిల్లలు అలా చదవరు. ఒక పేజీ దగ్గర ఆగిపోతారు, వెనక్కి వెళ్తారు, మళ్ళీ వస్తారు. చదివిన పుస్తకమే పదిసార్లు తీస్తారు. వాళ్ళు అంతసేపు చూడబోయేది ఆ బొమ్మల్నే కనక, ఆ బొమ్మలు వాళ్ళ మనసుకు పట్టాలి.

బొమ్మ మారితే మనిషే మారిపోతాడనడానికి స్పైడర్‌మాన్ పుట్టుకే సాక్ష్యం. 1962లో రచయిత స్టాన్ లీ ఈ పాత్రని ముందు జాక్ కిర్బీకి అప్పజెప్పాడు. కిర్బీ అంటే కెప్టెన్ అమెరికాను, ఫెంటాస్టిక్ ఫోర్‌ను గీసిన చెయ్యి. ఆయన ఎవర్ని గీసినా వీరుడైపోతాడు. చిక్కు అక్కడే వచ్చింది. లీకి కావలసినవాడు బడిలో అందరూ ఏడిపించే కుర్రాడు. కిర్బీ బొమ్మలు చూసి, ఇతను మరీ వీరుడిలా ఉన్నాడని, పనిని స్టీవ్ డిట్కోకి ఇచ్చాడు. డిట్కో గీసిన పీటర్ పార్కర్ బక్కపలచగా, కళ్ళజోడుతో, భుజాలు ముడుచుకుని ఉంటాడు. ముసుగు వేసుకుని గోడ మీద పాకేటప్పుడు మోకాళ్ళు, మోచేతులు వింత వింతగా వంగి ఉంటాయి. చూస్తే కొంచెం జంకు కూడా పుడుతుంది. సాలీడు మనిషంటే అలాగే ఉండాలి మరి. తమాషా ఏమిటంటే, ఆ తొలి సంచిక అట్ట మీద బొమ్మ మాత్రం కిర్బీదే, దానికి ఇంకు దిద్దింది డిట్కో. పిల్లలు అట్ట చూసి కొనుక్కున్నది ఒకరి స్పైడర్‌మాన్‌ని, లోపల చదివింది ఇంకొకరి స్పైడర్‌మాన్‌ని.

1966లో డిట్కో తప్పుకున్నాక జాన్ రొమీటా వచ్చాడు. అంతకుముందు ఆయన ప్రేమకథల కామిక్స్ గీసినవాడు. మొదట్లో డిట్కోలాగే గీయడానికి శతవిధాలా చూశాడు కానీ చేతి అలవాటు ఊరుకుంటుందా? కొన్నాళ్ళకు పీటర్ అందగాడైపోయాడు. భుజాలు విచ్చుకున్నాయి, చుట్టూ చక్కని చుక్కలు చేరారు. మాటలు రాసేది అదే స్టాన్ లీ, పాత్రలు అవే, ఊరు అదే న్యూయార్క్. చదివేవాడికి కలిగే భావం మాత్రం పూర్తిగా వేరు. డిట్కో పీటర్‌ని చూస్తే "అయ్యో" అనిపిస్తుంది, రొమీటా పీటర్‌ని చూస్తే "అబ్బ" అనిపిస్తుంది.

మరి మీ పిల్లవాడికి ఏది నచ్చుతుంది? ముందే చెప్పలేం. క్లాసులో వెనక బెంచీలో బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాడికి డిట్కో పీటర్ ప్రాణస్నేహితుడిలా అనిపించవచ్చు. లేదంటే "నాలాంటివాణ్ణి మళ్ళీ పుస్తకంలో కూడా చూడాలా" అని రొమీటా వైపు పోవచ్చు. రెంటికీ కారణం ఉంది. పక్కన కూర్చుని రెండూ చూపిస్తే వాళ్ళే చెబుతారు. పిల్లల మనసులో ఏముందో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు. "బడిలో ఎలా ఉంది?" అంటే "బాగానే ఉంది" అనే పిల్లలే, "ఈ ఇద్దరిలో నీకెవడు నచ్చాడు, ఎందుకు?" అంటే పావుగంట మాట్లాడతారు.

స్కాట్ మెక్‌క్లౌడ్ అని అమెరికాలో ఒక కామిక్ చిత్రకారుడున్నాడు. 1993లో 'అండర్‌స్టాండింగ్ కామిక్స్' అనే పుస్తకం వేశాడు. కామిక్స్ ఎలా పనిచేస్తాయో కామిక్స్ రూపంలోనే చెప్పిన పుస్తకం. అందులో ఆయన వాదన ఒకటి తల్లిదండ్రులకు పనికొస్తుంది. రెండు చుక్కలు, ఒక గీతతో వేసిన మొహంలో చదివేవాడు తన్ను తాను చూసుకుంటాడట. ముడతలూ, నీడలూ, వెంట్రుకలూ అన్నీ వేసిన మొహంలో మాత్రం ఇంకొకర్ని చూస్తాడట. దీనికి మినహాయింపులు లేకపోలేదు గానీ, చిన్నపిల్లలు గుండ్రటి తలకాయల బొమ్మలు వదిలి "అచ్చం నిజం మనిషిలా" గీసిన బొమ్మలకు ఎందుకు త్వరగా అతుక్కోరో ఇది కొంతవరకు చెబుతుంది. పెద్దవాళ్ళం మనకేమో నిజంలా ఉంటేనే "ఆహా, ఏం గీశాడు" అనిపిస్తుంది. కొనేది మనం, చదివేది వాళ్ళు.

సూపర్‌మాన్‌నే తీసుకోండి. అలెక్స్ రాస్ రంగులు వేసిన 'కింగ్‌డమ్ కమ్' 1996లో వచ్చింది, కథ మార్క్ వేయిడ్‌ది. గళ్ళన్నీ కుంచెతో వేసిన వర్ణచిత్రాలే. తెలిసినవాళ్ళను, ఇంట్లోవాళ్ళను నిలబెట్టి ఫొటోలు తీసుకుని, వాటిని చూసి వేశాడు. కథ చెప్పే పాస్టరు పాత్రకు నమూనా రాస్ కన్నతండ్రే. సూపర్‌మాన్ కణతల దగ్గర జుట్టు నెరిసి ఉంటుంది, దుస్తుల మడతలు కూడా కనపడతాయి. ఆ పుస్తకం చేతిలో పెడితే నాన్నలు నోరు తెరుచుకుని చూస్తారు. ఎనిమిదేళ్ళ పిల్లలు కొందరు మాత్రం "కదలట్లేదు" అంటారు. ఆ మాటలో నిజముంది. అంత వివరంగా వేసిన బొమ్మ పటంలా నిలబడిపోతుంది, పరుగులో పరుగు కనపడదు. పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చాక అదే పిల్లలు ఆ పుస్తకాన్ని అటకమీంచి దింపి చదువుతారు, తొందరేం లేదు.

టిమ్ సేల్ గీసిన 'సూపర్‌మాన్ ఫర్ ఆల్ సీజన్స్' (1998) దీనికి పూర్తిగా వేరే దారి. జెఫ్ లోబ్ రాసిన కథ నాలుగు ఋతువులుగా నాలుగు భాగాలు. ఇందులో సూపర్‌మాన్ అంటే పల్లెటూళ్ళో పాలూ పెరుగూ మీద పెరిగిన పిల్లవాడు, అంతే. పెద్ద ఒళ్ళు, లావు మెడ, చిన్న చిన్న కళ్ళు. ఆ మొహంలో గర్వం వెతికినా దొరకదు. రెండు పేజీలు కలిపి వేసిన పొలాలు, ఆకాశం, దూరంగా ఒక ఇల్లు. మాటలు తక్కువ. కొట్లాటలు కోరే పిల్లలకు ఇది నెమ్మదిగా అనిపించవచ్చు. అమ్మమ్మగారి ఊరి పొలం గట్టు తలచుకునే పిల్లలు మాత్రం ఆ పేజీల్లో చాలాసేపు ఉండిపోతారు. ఇంకో సంగతి చెబితే మీ పిల్లలు ఆశ్చర్యపోతారు. టిమ్ సేల్‌కి రంగులు సరిగ్గా తెలిసేవి కావు, కలర్ బ్లైండ్. ఆయన బొమ్మలు గీసి ఇస్తే, బ్యార్నె హాన్సెన్ వాటికి ఆ పలచటి, మెత్తటి రంగులు అద్దాడు. బొమ్మలు వేయడం ఇష్టమైనా "నాకు రంగులు రావు" అని వెనకాడే పిల్లలుంటే ఈ మాట తప్పకుండా చెప్పండి.

మూడోది ఫ్రాంక్ క్వైట్లీ గీసిన 'ఆల్ స్టార్ సూపర్‌మాన్', 2005 నుంచి 2008 దాకా 12 సంచికలుగా వచ్చింది, రాసింది గ్రాంట్ మారిసన్. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే బొమ్మ చదవడం అంటే ఏమిటో దీనిలో చక్కగా తెలుస్తుంది. చిన్నప్పటినుంచీ మనందరికీ ఒక సందేహం. కళ్ళజోడు పెట్టుకున్నంత మాత్రాన క్లార్క్ కెంటే సూపర్‌మాన్ అని ఎవరూ ఎందుకు గుర్తుపట్టరు? క్వైట్లీ దానికి జవాబు రాయలేదు, గీశాడు. ఆయన క్లార్క్ నడుం వంచి, పొట్ట వదిలేసి, వదులు సూటులో, మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేలా నడుస్తాడు. అదే మనిషి వెన్ను నిటారు చేసి, గడ్డం ఎత్తగానే ఒళ్ళంతా మారిపోతుంది. కళ్ళజోడు నామమాత్రం. మొదటి భాగంలో క్లార్క్ వీధిలో ఒకతన్ని మొద్దులా ఢీకొడతాడు. అతను విసుక్కుంటాడు. జాగ్రత్తగా చూస్తే, ఆ ఢీకొట్టడం వల్లే పైనుంచి పడేది అతని నెత్తిన పడకుండా తప్పింది. దాని గురించి ఎక్కడా ఒక్క మాట చెప్పరు. బుడగలు చదివే పెద్దవాళ్ళు దాన్ని దాటిపోతారు. బొమ్మలు చూసే పిల్లలు పట్టేస్తారు. పట్టుకున్నాక వాళ్ళ మొహంలో వెలుగు చూడాలి! అయితే ఆ కథ కొంచెం చిక్కుగా ఉంటుంది, పన్నెండేళ్ళు దాటాక ఇస్తే మంచిది.

చూడ్డానికి ముద్దుగా ఉన్న పుస్తకం లోపల కూడా తేలికగానే ఉంటుందని అనుకోకండి. 'సూపర్‌మాన్ స్మాషెస్ ద క్లాన్' అని 2019, 2020లలో వచ్చిన పుస్తకం ఉంది. జీన్ లువెన్ యాంగ్ రాశాడు. గీసింది గురిహిరు. అది ఒక మనిషి పేరు కాదు, జపాన్‌కు చెందిన ఇద్దరు మహిళలు కలిసి పెట్టుకున్న పేరు. గుండ్రటి మొహాలు, పెద్ద కళ్ళు, శుభ్రమైన గీత, ఎండలో ఆరేసినట్టుండే రంగులు. ఆరేళ్ళ పిల్ల కూడా చెయ్యి చాపుతుంది. కథేమో 1946 నాటి అమెరికాలో కొత్త పేటకు కాపురం వచ్చిన చైనా కుటుంబం ఇంటి ముందు 'క్లాన్' అనే ముఠాకు చెందిన ముసుగు మనుషులు శిలువ తగలబెట్టడం గురించి. ఆ ఏడాదే వచ్చిన ఒక సూపర్‌మాన్ రేడియో నాటకం దీనికి ఆధారం. నా ఉద్దేశంలో పదేళ్ళు దాటిన పిల్లలకు ఇవ్వగలిగిన సూపర్‌హీరో పుస్తకాల్లో ఇంతకంటే మంచిది అరుదు. ఆ గీత అంత మెత్తగా ఉండబట్టే అంత బరువైన విషయాన్ని పిల్లలు మోయగలుగుతారు. కాకపోతే చదివాక ప్రశ్నలు వస్తాయి. "వాళ్ళు వీళ్ళని ఎందుకు అసహ్యించుకున్నారు?" అని అడుగుతారు. ఆ సాయంత్రం ఫోను పక్కన పెట్టి కూర్చోవడానికి సిద్ధపడండి.

దీనికి ఎదురుగా, బొమ్మలు చక్కగా ఉన్నాయని మోసపోవద్దని చెప్పడానికి ఒక పుస్తకం పేరు చెప్పాలి, 'ది కిల్లింగ్ జోక్'. 1988లో ఆలన్ మూర్ రాసి, బ్రయన్ బోలండ్ గీసింది. సన్నని పుస్తకం, నగిషీ చెక్కినట్టున్న గీత. బ్యాట్‌మాన్, జోకర్ అని చూసి చాలామంది పిల్లల పుస్తకమే అనుకుంటారు. లోపల ఒక యువతి మీద జరిగే దారుణం చిన్నపిల్లలు చూడదగ్గది కాదు. గీత అంత స్పష్టంగా ఉండటం వల్లే అది మరీ గుచ్చుకుంటుంది. ఇది వద్దు, కనీసం ఇప్పుడొద్దు. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు ఇంట్లో ఉండి, చదివి ఉంటే మాత్రం వాళ్ళతో ఒక ఆట ఆడవచ్చు. మొదటి ముద్రణకు జాన్ హిగ్గిన్స్ ఘాటైన పసుపు, ఊదా, నారింజ రంగులు వేశాడు. 2008 ముద్రణకు బోలండ్ తనే మళ్ళీ రంగులు వేసుకున్నాడు. గతం తాలూకు గళ్ళన్నీ వెలిసిపోయి, ఎక్కడో ఒక్క ఎర్రటి వస్తువు. గీత అదే, మాట అదే. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి పిచ్చిగా, ఒకటి విషాదంగా అనిపిస్తుంది. రంగు చేసే పని ఇంతుంటుందని మాటల్లో ఎంత చెప్పినా తెలియదు.

ముదురు రంగు, మొరటు గీత చూసి హడలిపోనూ అక్కర్లేదు. పదమూడేళ్ళ వయసులో పిల్లలు ఉన్నట్టుండి నల్లటి పుస్తకాల వైపు మళ్ళుతారు. గుండ్రటి బొమ్మలు "చిన్నపిల్లలవి" అయిపోతాయి. వాళ్ళకేదో అయిందని కాదు, వయసు మారింది, కన్ను మారింది. లోపల ఏముందో మీరు ముందు తిరగేసి చూడండి, అంతే. చాలా పుస్తకాలకు వెనక అట్ట మీద, బార్‌కోడ్ దగ్గర చిన్న అక్షరాల్లో వయసు గుర్తు ఉంటుంది. బ్యాట్‌మాన్, సూపర్‌మాన్ పుస్తకాలు వేసే డీసీవాళ్ళ 'బ్లాక్ లేబుల్' అన్న ముద్ర ఉంటే అది పెద్దవాళ్ళ కోసం వేసిందని అర్థం.

ఇక మనలో చాలామందికి మింగుడుపడని సంగతి. డేవ్ పిల్కీ రాసి గీసిన 'కెప్టెన్ అండర్‌పాంట్స్', 'డాగ్ మాన్' పుస్తకాలు చూశారా? మొదటిది 1997లో, రెండోది 2016లో మొదలయ్యాయి. రెండూ సూపర్‌హీరో కథలే, ఒకడు చెడ్డీ మీద తిరిగే హెడ్మాస్టరు, ఇంకొకడు కుక్క తల పెట్టిన పోలీసు. బొమ్మలు చూస్తే రఫ్ నోట్‌బుక్ వెనక పేజీలో పిల్లలు గీసినట్టుంటాయి. "ఇదీ ఒక బొమ్మేనా" అని అమ్మానాన్నలు మూతి విరుస్తారు, పిల్లలు ఎగబడతారు. పిల్కీకి చిన్నప్పుడు చదవడంలో ఇబ్బంది ఉండేది, కుదురుగా కూర్చోలేకపోయేవాడు. బడిలో టీచరు వరండాలో కూర్చోబెడితే అక్కడే కామిక్స్ గీసుకునేవాడు. కెప్టెన్ అండర్‌పాంట్స్ పుట్టింది రెండో తరగతిలో. కావాలనే ఆ గీతను అలా ఉంచాడు. దాన్ని చూసిన పిల్లవాడికి "ఇది నేనూ గీయగలను" అనిపిస్తుంది, మరుక్షణం పెన్సిలు వెతుక్కుంటాడు. అలెక్స్ రాస్ బొమ్మ చూస్తే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది, పెన్సిలు పట్టుకోవాలనిపించదు. మీ పిల్లవాడికి ఇప్పుడు ఏది అవసరమో మీకే తెలుసు. మీకు నచ్చలేదన్న ఒక్క కారణంతో మాత్రం తీసి అవతల పెట్టకండి.

అమెరికాలో ఉన్న మన తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. 2014లో మొదలైన కమలా ఖాన్ కథలు, 'మిస్ మార్వెల్', అక్కడి పబ్లిక్ లైబ్రరీల్లో దొరుకుతాయి. జెర్సీ సిటీలో పెరిగే పాకిస్తానీ కుటుంబంలోని అమ్మాయి. రాత్రి పార్టీకి పంపని నాన్న, పెళ్ళి సంబంధాల గొడవ, అన్నయ్య చాదస్తం. ఎడిసన్‌లోనో ఇంకెక్కడో పెరిగే మన ఇళ్ళ పిల్లలు పేజీకోసారి "సేమ్" అంటారు. రాసింది జి. విల్లో విల్సన్. తొలి భాగాలు గీసిన ఏడ్రియన్ అల్ఫోనా కమలను పోస్టరు మీది వీరవనితలా కాకుండా పొడుగు చేతులూ, చింపిరి జుట్టూ, వదులు బట్టలూ ఉన్న పదహారేళ్ళ పిల్లలాగే గీశాడు. ఆమె శక్తి కూడా చెయ్యి సాగడం, పిడికిలి బండెడంత అవడం. ఒళ్ళు ఎప్పుడు ఎలా మారుతుందో తెలియని వయసుకు ఆ గీత భలే కుదిరింది. వెనకాల డబ్బాల మీదా, బోర్డుల మీదా చిన్న చిన్న జోకులు దాచిపెట్టాడు. అమ్మాయితో పాటు కూర్చుని వాటిని వెతకండి.

కొట్లో పుస్తకం పట్టుకున్నప్పుడు ఏం చూడాలి? అట్ట చూసి తేల్చుకోకండి. డిట్కో, కిర్బీల నాటినుంచి నేటిదాకా అట్ట ఒకరు, లోపల ఒకరు గీయడం మామూలు. మధ్యలో ఒక పేజీ తెరిచి, బుడగల్లో మాటలు వదిలేసి బొమ్మలు మాత్రం చూడండి. ఎవరు ఎవరితో ఏం చేస్తున్నారో తెలుస్తోందా? ఏ గడి తర్వాత ఏ గడో కన్ను తడుముకోకుండా పోతోందా? పోతుంటే ఆ చిత్రకారుడు కథ చెప్పగలవాడన్నమాట. మన దగ్గర ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఈ పుస్తకాలు తెలుగులో దొరికేవి బహు తక్కువ. ఇంగ్లీషు ఇంకా తడబడే పిల్లవాడికి బొమ్మే చెయ్యి పట్టుకుని నడిపించాలి. అక్షరాలు కూడా చూడండి. సూపర్‌హీరో కామిక్స్‌లో చాలావరకు అన్నీ పెద్దబడి అక్షరాలే, ఒకటో రెండో తరగతి పిల్లలకు అది కష్టం. 1989 నాటి 'అర్కమ్ ఎసైలమ్'లో జోకర్ మాటలైతే బుడగలు లేకుండా ఎర్రటి గీతల్లో చిందరవందరగా ఉంటాయి, పెద్దవాళ్ళమే కళ్ళు చికిలించాలి. డేవ్ మెకీన్ బొమ్మలు అద్భుతమే, పిల్లలకు మాత్రం కాదు.

ఇంకొకటి. సంకలనాల్లో మధ్యలో చిత్రకారుడు మారిపోతుంటాడు. మూడు అధ్యాయాలు ఇష్టంగా చదివిన పిల్ల నాలుగోది రాగానే ఆపేసిందంటే కథ విసుగెత్తి ఉండకపోవచ్చు, ఆ మొహాలు పరాయివైపోయి ఉండవచ్చు. అడిగి చూడండి. లోపల మొదటి పేజీలో పేర్ల జాబితా ఉంటుంది, అక్కడే తెలిసిపోతుంది.

ఫోనులో చదువుతున్నారా? సన్నివేశాన్ని చిన్న గళ్ళలో చెప్పే పుస్తకాలు ఫోనులో పర్వాలేదు గానీ, టిమ్ సేల్ రెండు పేజీల పొలాన్ని అరచేతిలో చూస్తే ఏముంటుంది? ఫోనులోనే తప్పదంటే మొదటినుంచీ ఫోను కోసమే గీసినవి ఉన్నాయి. 2021లో వెబ్‌టూన్‌లో మొదలైన 'వేన్ ఫ్యామిలీ అడ్వెంచర్స్' అలాంటిది. బ్యాట్‌మాన్ ఇంట్లో పిల్లల గొడవలు, అల్లరి, కిందికి జరుపుకుంటూ చదువుకోవచ్చు.

మొదట చెప్పిన ఆ బ్యాట్‌మాన్ పిల్లవాడికి ఏం కొనాలంటారా? 1992లో వచ్చిన బ్యాట్‌మాన్ కార్టూన్ సీరియల్‌ని అనుసరించి ఆ ఏడాదే 'ద బ్యాట్‌మాన్ అడ్వెంచర్స్' అని కామిక్స్ మొదలయ్యాయి, వాటి సంకలనాలు ఉన్నాయి. కార్టూన్లో లాగే తక్కువ గీతలు, చదరపు దవడ, చురుకైన కదలిక. చాలావరకు ఒక్కో కథ ఒక్కో సంచికలో ముగుస్తుంది కూడా. ఇంకా చిన్నవాళ్ళైతే 'టైనీ టైటన్స్', తలకాయే ఒళ్ళంత ఉండే బుల్లి హీరోలు. ఇక ఆ 'డార్క్ నైట్' పుస్తకాన్ని ఎవరికీ ఇచ్చేయకండి. అయిదారేళ్ళు ఆగితే దాని వంతు వస్తుంది.

పుస్తకం చదివాక "నీతి ఏమిటి" అని అడగొద్దని నా మనవి. "నీకు బాగా నచ్చిన గడి ఏది, చూపించు" అనండి. నచ్చనిదైనా సరే, చూపించమనండి. "ఈ చెయ్యి సరిగ్గా లేదు", "ఇక్కడ అంతా నలుపే, ఏం కనపడట్లేదు" అని వంకలు పెడితే మురిసిపోండి, చూడటం వచ్చిందన్నమాట. చూసి గీస్తుంటే గీయనివ్వండి, కాపీ కొడుతున్నాడని ఆపొద్దు. రొమీటా అంతటివాడు స్పైడర్‌మాన్‌ని గీయడం మొదలుపెట్టింది డిట్కోని చూసే.

హైదరాబాద్‌లో, విజయవాడలో పుస్తక ప్రదర్శనలు ఏటా జరుగుతాయి. ఈసారి వెళ్ళినప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. ముందే ఆన్‌లైన్లో రేటింగులు చూసి పుస్తకం పేరు రాసుకుని వెళ్ళకండి. నాలుగు రకాల గీతలున్న నాలుగు పుస్తకాలు వాళ్ళ ముందు పెట్టి, ఒక పావుగంట మీరేం మాట్లాడకుండా ఉండండి. ఏది వదలకుండా పట్టుకుంటారో ఆ పుస్తకానికే డబ్బులివ్వండి.